పందిరి అడిగే మొదటి ప్రశ్న

మా ద్వీపంలో, రేవు పక్కన హాడో పేటలో మా ఆఫీసు మీద రేకులు ఇంకా మార్చలేదు. వాన మొదలైతే ఎదురుగా కూర్చున్న మనిషి మాట కూడా వినపడదు, సైగలతో పని జరుపుకుంటాం. అంత హోరులోనూ నిన్న మధ్యాహ్నం నా చెవికి ఒక చిన్న శబ్దం తగిలింది. టింగ్. రెండు బల్లల అవతల, కొత్తగా చేరిన మీనా కంప్యూటర్ చేసిన శబ్దం అది. ఆమె తెర మీద ఏముందో నేను లేచి చూడనక్కర్లేదు. నల్లటి తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన ఒక తెలుగు ప్రశ్న ఉంటుంది: ఎవరి కోసం? దాని కింద చిన్నగా, ఉదాహరణకు లచ్చమ్మ, అని ఉంటుంది. ఆ పక్కన ఒక గీత మిణుకుమిణుకుమంటూ జవాబు కోసం కాచుకుని ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా వింటున్న శబ్దమే. అయినా విన్నప్పుడల్లా నా వీపు దానంతటదే నిటారుగా అవుతుంది, వెనకాల ఎవరో వచ్చి నిలబడినట్టు. అలా వెనకాల నిలబడే మనిషి పేరు పైడితల్లి.

తలుపు మీద బోర్డులో జి. పైడితల్లి అని ఉండేది గానీ, ఆఫీసర్ నుంచి అటెండర్ దాకా అందరికీ ఆవిడ దీదీ. తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి ఓడ పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఈవిడ హాడో క్వార్టర్స్‌లోనే పుట్టింది, అక్కడే పెరిగింది, చివరికి అక్కడే ఉద్యోగం చేసింది. పొట్టి మనిషి. నేత చీర, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు, ఎండైనా వానైనా చేతిలో నల్ల గొడుగు. మొదట టైపిస్టుగా చేరింది. ఆఫీసుకి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో పెద్ద ఉద్యోగులంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, "ఇదీ టైపు మిషనే కదా, కాస్త ఎక్కువ తెలివున్నాది, అంతే" అని ముందు కూర్చున్నది ఈవిడేనట. ఆ తర్వాత ఒడ్డుకి, అంటే మా భాషలో ఇండియా ప్రధాన భూభాగానికి, శిక్షణకి పంపించారు. తిరిగి వచ్చేటప్పుడు మిగతావాళ్ళు చీరలు, స్టీలు సామాను తెచ్చుకుంటే ఈవిడ ఒక పెట్టె నిండా పుస్తకాలు తెచ్చుకుంది. ఆ పెట్టె నేను చూశాను. పుస్తకాల మధ్య వేపాకు పెట్టేది, పురుగు పట్టకుండా.

మా విభాగం పని ద్వీపాల ప్రజలకి కావలసిన చిన్నచిన్న ప్రోగ్రాములు రాయడం. ఓడ టికెట్లు, బడి పిల్లల పట్టికలు, రేషను కార్డులు. ప్రతి కొత్త పనికీ మొదట కొంత చాకిరీ ఉంటుంది. ఫోల్డర్లు పెట్టాలి, ఎప్పుడూ వాడే ఫైళ్ళు తెచ్చుకోవాలి, ఈ ప్రోగ్రాము ఏ పట్టికని చదవాలో, ఎక్కడ రాయాలో చెప్పే సెట్టింగుల ఫైలు తయారుచేసుకోవాలి. మనిషి మనిషికీ ఒక పద్ధతి ఉంటే ఒకరి ప్రోగ్రాము ఇంకొకరికి అర్థం కాదు. అందుకని దీదీ ఒక పరికరం రాసుకుంది. నల్ల తెర మీద ఒక్క మాట టైపు చేస్తే అది నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబులు తీసుకుని, మొత్తం చట్రం కట్టి ఇచ్చేస్తుంది. ఆ మాట పందిరి. క్వార్టర్స్ వెనకాల ఆవిడకి చిక్కుడు పాదు ఉండేది. "తీగ వచ్చాక పందిరి వేద్దామంటే అది కంచె మీదకి పాకీస్తాది, ఇంక మన మాట వినదు" అనేది. హిందీ వాళ్ళు, బెంగాలీ వాళ్ళు, రాంచీ నుంచి వచ్చినవాళ్ళు కూడా అదే మాట టైపు చేసేవారు. అర్థం తెలియకపోయినా వాళ్ళ పనీ చక్కగా పాకేది.

నేను చేరిన రోజు ఇంకా బాగా గుర్తుంది. మా ఊరు తుష్నాబాద్ నుంచి మొదటి బస్సుకి వచ్చాను, చెప్పులకి బురద. ఆరు నెలల కాంట్రాక్టు. మా ఇంట్లో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం అదే మొదటిది. మా నాన్న వక్కతోటలో పనిచేసేవాళ్ళందరికీ అప్పటికే చెప్పేశాడు, మా ఈశ్వరి కంప్యూటర్ ఆఫీసులో చేరిందని. దీదీ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి పందిరి నడపమంది. ఎవరి కోసం అని అడిగింది తెర. నేను శాఖ పేరు టైపు చేశాను. టింగ్ మని మోగి, మనిషి పేరు చెప్పండి అంది. అందరూ అని కొట్టాను. మళ్ళీ టింగ్. విసుగొచ్చి నా పేరే కొట్టాను. ఈసారి ఒప్పుకుని రెండో ప్రశ్న వేసింది: ఎక్కడ కలిశారు?

"అద్దంలో కలిసావేటి?" అంది వెనకనుంచి దీదీ.

"ప్రోగ్రాం అందరికీ కదా దీదీ. ఒకరి పేరేటి?" అన్నాను, కొంచెం గీరగానే.

"అందరి కోసమని వండితే ఉప్పు ఎవరూ చూడరే. ఒక్కరి కోసం వండు, మిగతావోళ్ళూ తింటారు. చల్, గొడుగు తీసుకో."

ఆ రోజు నేను కంప్యూటర్ మళ్ళీ ముట్టుకోలేదు. రేషను దుకాణంలో కార్డుల మీద ముద్రలు వేసే ముసలాయన పక్కన సాయంత్రం దాకా కూర్చున్నాను. ఆయనకి తెల్ల తెర మీద సన్నక్షరాలు కనిపించవని, వరసలో ఉన్నవాళ్ళ తొందరకి చేతులు వణుకుతాయని అప్పుడు తెలిసింది. మర్నాడు పందిరి అడిగితే ఆయన పేరు రాశాను. ఎక్కడ కలిశారంటే దుకాణం పేరు రాశాను. టింగ్ మనలేదు. చెప్పొద్దూ, బళ్ళో మాస్టారు చేత భేష్ అనిపించుకున్నంత సంతోషమైంది.

పందిరిలో ఇంకో గొప్ప సంగతి ఉంది. దాని లోపల ఆకులు అని ఒక ఫోల్డర్. మాలో ఎవరు ఏ తప్పు చేసినా, ఆ తప్పు మళ్ళీ జరక్కుండా చూసే ఒక చిన్న స్క్రిప్టు, అంటే కంప్యూటర్‌కి నాలుగు వరసల ఆజ్ఞ, రాసి అందులో పెట్టాలి. అప్పటినుంచి ఎవరు కొత్త పని మొదలుపెట్టినా పందిరి ఆ స్క్రిప్టులన్నీ ఒక్కొక్కటిగా నడిపి, ఆ కాపలాలన్నీ కొత్త పనిలో ముందే పెట్టేస్తుంది. ఆ పేరెందుకని అడిగితే దీదీ చెప్పింది: "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారు అందరూ. పట్టుకుని పారేస్తారు, అదీ తప్పు. ఆ ఆకు దాచు. రేపు చెయ్యి కాలబోయేవోడికి ముందే అందుతాది." ఒక్కో ఆకు నడిచేటప్పుడు దాని మొదటి వరస తెర మీద కనబడేది. కానీ అవన్నీ చిటికెలో పైకి జారిపోయేవి. నేను ఏనాడూ ఆగి చదవలేదు.

ఆవిడలో మొండితనమూ తక్కువ కాదు. పెట్టిన ఆకు ఒక్కటీ తియ్యనిచ్చేది కాదు. ఎప్పుడో పాడైపోయిన ప్రింటర్ కోసం రాసిన ఆకు కూడా అలాగే ఉండేది. దానివల్ల పందిరి నానాటికీ నెమ్మదించింది. నేను దెబ్బలాడేదాన్ని, ఆవిడ వినేది కాదు. ఒకసారి ఒడ్డు నుంచి ఒక ఇంజనీరు ల్యాప్‌టాప్‌తో వచ్చి తన పరికరం చూపించాడు. అది కావలసిన ముక్కలన్నీ ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. అప్పట్లో మాకు ఉపగ్రహం మీద వచ్చే లైను, మబ్బు పడితే పడుకునేది. ఆయన మీట నొక్కి కూర్చున్నాడు, కూర్చున్నాడు, టీ వచ్చింది, చల్లారింది. "మీది మంచిదే బాబూ, మబ్బు లేని ఊళ్ళో" అంది దీదీ నవ్వకుండా. పందిరికి కావలసినవన్నీ పందిరిలోనే ఉండేవి, ఓడలో వచ్చిన సీడీల నుంచి ఎక్కించుకున్నవి. అయితే ఆ మాట అని ఊరుకోలేదు. ఆయన వెళ్ళేదాకా రెండు రోజులు పక్కన కూర్చుని, ఆయన పరికరంలో బాగున్నవన్నీ నోటుపుస్తకంలో రాసుకుంది. నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది ఆ ఎకసెక్కం వల్ల కాదు, ఆ నోటుపుస్తకం వల్ల.

ఇక నా తప్పు సంగతి. అది నా కాంట్రాక్టులో చివరి నెల. పొడిగిస్తారో లేదో వారంలో తేలాలి. బడి పుస్తకాల పంపిణీకి ప్రోగ్రాము రాయమన్నారు. పందిరికి జవాబు చెప్పాలంటే పుస్తకాల గోడౌన్‌లో స్టోర్‌కీపర్‌ని కలవాలి. మూడు రోజులుగా ఆగని వాన. రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అని గడిపాను. తీరా దీదీ పని ఎంతవరకు వచ్చిందని అడిగేసరికి కంగారు పుట్టింది. పందిరిని తప్పించుకునే దారి ఒకటి ఉంది, అందరికీ తెలిసినా ఎవరూ తొక్కనిది. పాత పని ఫోల్డర్‌ని కాపీ చేసి పేరు మార్చుకోవడం. ఓడ టికెట్ల ఫోల్డర్‌ని కాపీ చేశాను. పుస్తకాలు అని పేరు పెట్టాను. సాధన కోసం వేసే ఉత్తుత్తి పేర్లు లేకుండా పట్టికని ఖాళీ చేసుకుందామని తుడిచే స్క్రిప్టు నడిపాను. ఫోల్డర్ పేరు మార్చాను గానీ లోపల సెట్టింగుల ఫైలు మార్చలేదు. అది ఇంకా ఓడ టికెట్ల అసలు పట్టికనే చూస్తోంది.

ఐదు నిమిషాల్లో ఫోన్ మోగింది. జెట్టీ దగ్గర టికెట్ కౌంటర్‌లో ఉండే బిశ్వాస్ బాబు. "దీదీ కో దో, జల్దీ. లిస్ట్ మే ఏక్ భీ నామ్ నహీఁ హై." జాబితాలో ఒక్క పేరు కూడా లేదట. ఇంకో దీవిలోని హట్ బేకి వెళ్ళే ఓడ మర్నాడు పొద్దున్నే బయల్దేరుతుంది. దాని టికెట్లు ఆ ఉదయమే తెరిచారు. కాబట్టి ముందురోజు దాచిన నకలులో ఆ పేర్లు ఒక్కటీ లేవు. రెండు వందల పైచిలుకు మనుషుల చేతుల్లో టికెట్లున్నాయి, ఎవరికి ఏ చోటు ఇచ్చామో మా దగ్గర లేదు.

దాచేద్దామనుకున్నాను. నిజం చెప్పాలంటే దాచడానికి దారి కూడా ఆలోచించాను. లైను పోయిందనొచ్చు, వాన మీదకి తోసేయొచ్చు. మా నాన్న మొహం కళ్ళముందు ఆడింది. ఇంకో వారం గడిస్తే ఉద్యోగం నిలుస్తుంది. ఫోన్ అక్కడే పెట్టి దీదీ బల్ల దగ్గరికి నడిచాను.

"దీదీ, నేనే తుడిచీసాను. పందిరి వెయ్యకుండా కాపీ చేసీసాను" అన్నాను.

ఎందుకు చేశావని ఆవిడ అడుగుతుందనుకున్నాను. అడగలేదు. కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని, "కౌంటర్ దగ్గర ఎంతమందున్నారు?" అంది. నాకు తెలియదు. "అడుగు. అడిగి, గొడుగు తీసుకుని రా."

ఆ వానలో జెట్టీకి నడిచాం. వరసలో జనం అప్పటికే గుసగుసలాడుతున్నారు. మంచాన పడ్డ భార్యని చూడ్డానికి హట్ బే వెళ్తున్న ఒకాయన టికెట్టు జేబులోంచి తీస్తూ, పెడుతూ ఉన్నాడు. దీదీ కౌంటర్ మూయించి, వాళ్ళ ముందు నిలబడి హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పింది. "తప్పు మాది. మీ పేర్లు మా దగ్గర చెరిగిపోనాయి. టికెట్టున్నోళ్ళ చోటు మాత్రం ఎవరిదీ పోదు. మాకు కొంచెం టైమియ్యండి." మాది అంది. నేను పక్కనే తడుస్తూ నిలబడ్డాను, నా వైపు చూడను కూడా లేదు.

ఆ తర్వాత దీదీ బిశ్వాస్ బాబు బల్ల కింద నుంచి ఒక రేకు డబ్బా లాగింది. అందులో ఒక ఇనప ఊచకి గుచ్చిన పల్చటి కాగితాలు. మా ప్రోగ్రాము ఏ టికెట్టు కొట్టినా రెండు ప్రతులు వచ్చేవి, రెండోది కౌంటర్‌లో ఉండిపోయేది. ఇదంతా కాగితం దండగని నేనే ఎన్నోసార్లు సణిగాను. ఆవిడ చదువుతుంటే నేను టైపు చేశాను. చివర్లో ఏడు కాగితాలు మసకబారి చదవడానికి రాలేదు. వరసలోకి వెళ్ళి వాళ్ళని వెతికి, టికెట్లు చూసి రాసుకున్నాను. సాయంత్రం నాలుగింటికి పట్టిక నిండింది. జేబులో టికెట్టు పెట్టుకున్నాయన తన పేరు తెర మీద చూసుకుని టికెట్టు మడిచి పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తిరిగి వస్తుంటే వాన తగ్గింది. "రెండో ప్రతి ఉండబట్టి బతికాం దీదీ" అన్నాను.

"అది మొదటి ఆకు. నాది" అంది.

అప్పుడు చెప్పింది. చాలా ఏళ్ళ కిందట, ఆవిడ రాసిన మొట్టమొదటి టికెట్ ప్రోగ్రాము. ఒక లెక్క తప్పి ఒకే చోటు ఇద్దరికి అమ్ముడైంది. రెండో ప్రతి లేదు, ఎవరు ముందు కొన్నారో చూపించేది ఏదీ లేదు. గొంతున్నవాడు ఎక్కేశాడు. లచ్చమ్మ అనే ముసలావిడ మూటతో జెట్టీ మీద ఉండిపోయింది. కూతురి కాన్పుకి వెళ్తోంది. మళ్ళీ ఓడ వచ్చేసరికి తొమ్మిది రోజులు. "బిడ్డ పుట్టాక చేరింది. తల్లీబిడ్డా బాగానే ఉన్నారట, నా అదృష్టం. ఆ రోజు జెట్టీ మీద నన్నేటీ అన్లేదే ఆవిడ. తిట్టుంటే మర్చిపోదును." గొడుగు మడిచి నీళ్ళు దులిపింది. "అంతదాకా నేనూ శాఖ కోసమే రాసీదాన్ని."

ఉదాహరణకు లచ్చమ్మ. ఏదో నోటికొచ్చిన పేరు పెట్టిందనుకున్నాను అన్నాళ్ళూ.

మర్నాడు ఆఫీసర్ దీదీని పిలిచాడు. ప్లైవుడ్ గోడ అవతల నుంచి నేనంతా విన్నాను. ఎవరు చేశారో పేరు కావాలన్నాడాయన. "విభాగానికి పెద్ద నేను. నా పేరే రాసుకోండి సార్" అంది దీదీ. ఆయన గొంతు పెంచాడు, ఈవిడ పెంచలేదు. ఆ సంవత్సరం ఆవిడకి రావలసిన ప్రమోషన్ ఆగిపోయిందని తర్వాతెప్పుడో బిశ్వాస్ బాబు చెబితే తెలిసింది. ఆవిడ నాతో ఎన్నడూ అనలేదు. నా కాంట్రాక్టు పొడిగించారు. అలాగని నన్ను ఊరికే వదిలిందనుకోకండి. నెల రోజులు ప్రతి శనివారం ఆ టికెట్ కౌంటర్‌లో కూర్చోబెట్టింది. పుస్తకాల గోడౌన్‌కి అదే వారం పంపించింది. నా ఆకు నా చేతే రాయించింది. తుడిచే స్క్రిప్టు తుడిచే ముందు ఆ పట్టిక పేరు చెప్పి అడగాలి. ఇవాళ్టి తేదీతో ఒక్క మనిషి పేరు కనబడినా చెయ్యి వెనక్కి తీసుకోవాలి. మూడుసార్లు తిప్పికొట్టి నాలుగోసారి ఒప్పుకుంది. పాత ఫోల్డర్లన్నిటిలోనూ అది పెట్టించింది.

ఆవిడ రిటైరై బతు బస్తీలో చిన్న ఇల్లు తీసుకుంది. అక్కడా చిక్కుడు పందిరి వేసింది. ఆదివారాలు వెళ్తే కాయలు పొట్లం కట్టి ఇచ్చి, ఎన్ని ఆకులయ్యాయని అడిగేది. నాలుగేళ్ళ కిందట పోయింది. అంత్యక్రియలు అయ్యాక ఆఫీసుకి వచ్చి, ఏం చెయ్యాలో తోచక ఆకుల ఫోల్డర్ తెరిచి మొదటిసారి అన్నీ వరసగా చదివాను. ప్రతి ఆకు పైనా దీదీ ఒక వరస రాసి పెట్టింది. మొదటిదానిలో ఇలా ఉంది: ఈ ఆకు పైడితల్లి తెచ్చింది, లచ్చమ్మ ఓడ ఎక్కలేదు. అంతే, తనకి తాను ఓదార్పు రాసుకోలేదు. కిందకి వెళ్తే నాది కనబడింది: ఈ ఆకు ఈశ్వరి తెచ్చింది. దాచలేదు. ఉద్యోగం పోలేదు. నీదీ పోదు, వచ్చి చెప్పు. అన్నేళ్ళు నా కళ్ళముందే జారిపోయిన వరస అది. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. తర్వాత ఆకులు నెమ్మదిగా, చదవడానికి వీలుగా జారేటట్టు పందిరిని మార్చాను. నెమ్మదించిందని ఆవిడతో దెబ్బలాడిన మనిషినే.

నిన్న ఆ టింగ్ విన్న కాసేపటికి మీనా నా బల్ల దగ్గరకొచ్చి నిలబడింది. ద్వీపంలో పుట్టిన పిల్ల, తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. పందిరిలో తెలుగు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది కాబట్టి నెమ్మదిగా జారే ఆ ఆకుల వరసలు మాత్రం చదవగలదు, నాదీ. చేతిలో ఒక కాగితం నలిపేస్తోంది. వాన హోరులో ఆమె మాట వినడానికి ముందుకి వంగాను.

"మేడమ్, సోమవారం ఒక గడ్‌బడ్ చేసీసాను. స్కాలర్‌షిప్ లిస్టులో హట్ బే పిల్లల పేర్లు కొన్ని ఎగిరిపోనాయి. ఎవరికీ చెప్పలేదు."

సోమవారం అంటే మూడు రోజులు. ఎందుకు చెప్పలేదన్న మాట కోపంగా నాలిక చివరి దాకా వచ్చింది. పక్కనున్న స్టూలు లాగి ఆమె ముందు పెట్టాను.

"కూర్చో. ఎంతమంది?"

"ముప్ఫై ఒక్కమంది."

"వాళ్ళలో ఒకరి పేరు చెప్పు."

చేతిలో నలిగిపోయిన కాగితం విప్పి, వేలు పెట్టి వెతికింది. "సుశీల" అంది.

"అయితే సుశీల దగ్గర మొదలుపెడదాం. పద, ఆ పిల్ల అర్జీ కాగితం వెతుకుదాం" అన్నాను. గొడుగు తీసుకుని లేచాను.